తిలక్‌కు బెయిలిచ్చిన జడ్జి సాబ్: బద్రుద్దీన్ తయ్యబ్జీ

1897 జూలై చివర్లో బాలగంగాధర్ తిలక్‌ను బొంబాయిలో అరెస్టు చేశారు. పుణేలో ప్లేగు వచ్చిన రోజులవి. ప్లేగు సోదాల పేరుతో సిపాయిలు ఇళ్లలోకి జొరబడుతున్నారని జనం రగిలిపోతుండగా, ప్లేగు కమిటీకి పెద్దగా ఉన్న ర్యాండ్ అనే తెల్ల అధికారిని చాపేకర్ సోదరులు కాల్చారు. కేసరి పత్రికలో తిలక్ రాసిన రాతలే జనాన్ని రెచ్చగొట్టాయంటూ సర్కారు ఆయన మీద రాజద్రోహం కేసు పెట్టింది. బెయిలు అడిగితే మేజిస్ట్రేటు కాదన్నాడు. హైకోర్టుకు వెళ్తే అక్కడా కాదన్నారు. కేసు సెషన్స్‌కు కమిట్ అయ్యాక మళ్లీ అర్జీ పెట్టారు. ఈసారి ఆ అర్జీ జస్టిస్ బద్రుద్దీన్ తయ్యబ్జీ ముందుకు వచ్చింది.

అప్పటి పరిస్థితి ఒకసారి గుర్తు చేసుకోవాలి. నాలుగేళ్ల కిందట, 1893లో, బొంబాయిలో హిందూ ముస్లిం గొడవలు ఘోరంగా జరిగాయి. ఆ తర్వాతే తిలక్ గణపతి పండుగను వీధుల్లోకి తెచ్చి పెద్ద ఉత్సవంగా మార్చారు. ఆ ఉత్సవాల తీరు మీద ముస్లింలలో చాలా అసంతృప్తి ఉండేది. పైగా ఇది సర్కారు పట్టుదలగా నడిపిస్తున్న కేసు. ఒక ముస్లిం జడ్జి ఈ మనిషికి బెయిలిస్తే సర్కారుకు కోపం, సొంతవాళ్లలో కొందరికి కినుక. ఇవ్వకపోతే అడిగేవాడే లేడు, ముందు కాదన్నవాళ్ల దారిలోనే నడిచారనుకుంటారు.

తయ్యబ్జీ బెయిలిచ్చారు. ఆయన చూసింది ఒక్కటే. ముద్దాయి విచారణ రోజున కోర్టుకు వస్తాడా, రాడా? వస్తాడన్న నమ్మకం ఉంటే లోపల పెట్టాల్సిన పని లేదు. రేపు నిర్దోషి అని తేలితే, అన్ని రోజులు జైల్లో ఉంచినందుకు ఎవరు జవాబు చెబుతారు? ఇదీ ఆయన తర్కం. అప్పుడు తిలక్ తరఫున వాదించిన లాయరు దిన్‌షా దావర్. పదకొండేళ్ల తర్వాత, 1908లో, తిలక్ మీద మళ్లీ రాజద్రోహం కేసు వచ్చేసరికి ఆ దావరే జడ్జి కుర్చీలో ఉన్నారు. జిన్నా బెయిలు కోసం వాదించారు. దావర్ ఇవ్వలేదు, ఆ కేసులో ఆరేళ్ల శిక్ష కూడా వేశారు. కుర్చీలోకి ఎక్కాక మనిషి మారడం, మారకపోవడం అంటే ఏమిటో తెలియడానికి ఈ రెండు కేసులు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

బద్రుద్దీన్ 1844 అక్టోబర్ 10న బొంబాయిలో పుట్టారు. వాళ్లది సులైమానీ బోహ్రా ఖాందాన్. పూర్వం అరబ్బు దేశం నుంచి వచ్చి గుజరాత్‌లోని ఖంభాత్ రేవులో స్థిరపడ్డ వర్తకులు. తండ్రి ముల్లా తయ్యబ్ అలీ భాయ్ మియాన్ చిన్నగా మొదలుపెట్టి కష్టపడి పైకొచ్చిన వ్యాపారి. ఇంగ్లీషు చదువంటే దీన్ పోతుందని ముస్లింలు భయపడుతున్న కాలంలో ఆయన తన కొడుకులను యూరప్‌కు పంపించి చదివించారు. ఒక్కరిని కాదు, అందరినీ. ఇంట్లో మాట్లాడే భాష విషయంలోనూ ఆ ఖాందాన్ ఒక నిర్ణయం తీసుకుంది. గుజరాతీ వదిలి ఉర్దూలోకి మారింది. కుటుంబంలో జరిగిన సంగతులు, పెళ్లిళ్లు, ప్రయాణాలు, పిల్లల అల్లరితో సహా, అందరూ రాసుకోవడానికి ఒక పెద్ద నోటుపుస్తకం పెట్టేవారు. దాన్ని అఖ్‌బార్ కీ కితాబ్ అనేవారు. ఆడవాళ్లు, పిల్లలు కూడా అందులో రాసేవారు. ఇంట్లో ఒక భాష, బజార్లో ఒక భాష మాట్లాడుకునే మన తెలుగు ముస్లిం ఇళ్లవాళ్లకు ఈ సంగతి దగ్గరగానే అనిపిస్తుంది.

బద్రుద్దీన్ ముందు మదర్సాలో ఉర్దూ, ఫార్సీ నేర్చుకున్నారు. తర్వాత ఎల్ఫిన్‌స్టన్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేరారు. కళ్ల జబ్బు చిన్నప్పటి నుంచే ఉంది. దానికి వైద్యం కోసం ఫ్రాన్స్‌కు పంపారు. 1860లో, పదహారేళ్ల వయసులో, ఇంగ్లండ్ చేరి అక్కడ చదువు మొదలుపెట్టారు. తండ్రి ఇచ్చిన ఉత్తరాలు పట్టుకుని వెళ్తే, గవర్నర్ జనరల్‌గా పనిచేసి రిటైరైన లార్డ్ ఎలెన్‌బరో ఆయన్ని ఆదరించారు. అన్న కమ్రుద్దీన్ అప్పటికే ఇంగ్లండ్‌లో సొలిసిటర్‌గా అర్హత పొందారు. ఆ అర్హత సాధించిన మొదటి హిందుస్తానీ ఆయనే. అన్నను చూసి తమ్ముడు బారిస్టర్ కావాలనుకున్నారు. 1863లో లండన్ యూనివర్సిటీలో, మిడిల్ టెంపుల్‌లో చేరారు.

కానీ కళ్లు మొరాయించాయి. 1864 ఆఖర్లో చదువు మధ్యలోనే ఆపి బొంబాయికి తిరిగి రావాల్సి వచ్చింది. చూపు తగ్గుతున్న కుర్రాడు లావుపాటి లా పుస్తకాలు చదవడమేంటని ఎవరైనా అంటారు. ఆయన మాత్రం ఏడాది ఆగి మళ్లీ ఓడెక్కారు. 1867 ఏప్రిల్‌లో బారిస్టర్ అయ్యారు. ఆ డిసెంబర్‌లో బొంబాయి చేరుకుని హైకోర్టులో పేరు నమోదు చేసుకున్నారు. ఆ హైకోర్టులో మొదటి దేశీ బారిస్టర్ బద్రుద్దీన్ తయ్యబ్జీయే. వయసు ఇరవై మూడు.

మొదటివాడు కావడం వినడానికి గొప్పగానే ఉంటుంది, పూట గడవడం వేరే సంగతి. అప్పటి పద్ధతి ప్రకారం కక్షిదారు నేరుగా బారిస్టర్ దగ్గరకు రాకూడదు. ముందు సొలిసిటర్‌ను పెట్టుకోవాలి, ఆ సొలిసిటర్ తనకు నచ్చిన బారిస్టర్‌కు కేసు అప్పగిస్తాడు. బార్‌లో ఉన్నవాళ్లంతా తెల్లవాళ్లు. సొలిసిటర్ ఆఫీసుల్లో చాలామటుకు వాళ్లవే. ఇంట్లోనే ఒక సొలిసిటర్ ఉండటం బద్రుద్దీన్‌కు కలిసొచ్చింది. కానీ అన్న కేసు ఇప్పించగలరు గానీ గెలిపించలేరు కదా. పదేళ్లు తిరిగేసరికి ఆయన బొంబాయి బార్‌లో ముందు వరుస లాయర్లలో ఒకరయ్యారు. వెనకాలే ఫిరోజ్‌షా మెహతా, కాశీనాథ్ త్రింబక్ తెలంగ్ వచ్చారు. ఒక పార్సీ, ఒక హిందువు, ఒక ముసల్మాన్. ముగ్గురూ లాయర్లే. ఊరి వ్యవహారాల్లో ఎక్కడ చూసినా ఈ ముగ్గురి పేర్లే కలిపి వినిపించేవి.

ఊరి వ్యవహారాలంటే ముందు మున్సిపాలిటీయే. 1872లో వచ్చిన చట్టం బొంబాయి కార్పొరేషన్‌లో సగం మంది సభ్యులను పన్ను కట్టేవాళ్లు ఓటేసి ఎన్నుకునే వీలు కల్పించింది. ఈ దేశంలో ఓటు అనే మాటకు అర్థం తెలిసిన తొలి చోట్లలో బొంబాయి ఒకటి. 1873లో ఆ కొత్త కార్పొరేషన్‌లో తయ్యబ్జీ సభ్యుడయ్యారు. నీళ్లు, కాలువలు, పన్నులు, రోడ్లు. ఇంగ్లండ్‌లో చదివొచ్చిన పెద్ద బారిస్టర్ వీటి మీద కూర్చుని వాదించడం చిన్నతనం అనుకోలేదు. 1875 నుంచి ముప్పై ఏళ్లు బొంబాయి యూనివర్సిటీ సెనేట్‌లో ఉన్నారు. 1882లో గవర్నర్ ఆయన్ని శాసన మండలికి నామినేట్ చేశారు. ఆరోగ్యం బాగోక 1886లో అందులోంచి తప్పుకున్నారు.

1883లో ఇల్బర్ట్ బిల్లు గొడవ వచ్చింది. జిల్లాల్లో దేశీ జడ్జీలు, మేజిస్ట్రేట్లు తెల్లవాళ్ల కేసులు కూడా విచారించవచ్చని ఆ బిల్లు చెప్పింది. అంతే, తెల్లవాళ్లు ఊరూరా సభలు పెట్టి నల్లవాడి ముందు తామెలా నిలబడతామని రచ్చ చేశారు. బొంబాయి టౌన్‌హాల్‌లో బిల్లుకు మద్దతుగా జరిగిన సభలో మెహతా, తెలంగ్, తయ్యబ్జీ ముగ్గురూ మాట్లాడారు. చివరికి సర్కారు వెనక్కి తగ్గి, తెల్ల ముద్దాయి అడిగితే సగం మంది తెల్లవాళ్లుండే జ్యూరీని ఇవ్వాలని రాజీ కుదుర్చుకుంది. న్యాయం కూడా రంగు చూసుకుని నడుస్తుందని చదువుకున్నవాళ్లందరికీ ఆ దెబ్బతో అర్థమైంది. రెండేళ్ల తర్వాత, 1885లో, ఈ ముగ్గురే బొంబాయి ప్రెసిడెన్సీ అసోసియేషన్ పెట్టారు. అదే ఏడాది డిసెంబర్‌లో బొంబాయిలో కాంగ్రెస్ మొదటి సభ జరిగింది.

ఇంతకన్నా ముందు, 1874లోనే, ఆయన అన్న కమ్రుద్దీన్‌తో, మరికొందరు పెద్దలతో కలిసి అంజుమన్-ఎ-ఇస్లాం స్థాపించారు. తయ్యబ్జీ చేసిన పనుల్లో ఇప్పటికీ కళ్ల ముందు నిలిచి ఉన్నది ఇదే. ఆ రోజుల్లో బొంబాయి ముస్లింలలో కొంకణీలు, మెమన్లు, ఖోజాలు, బోహ్రాలు, ఉత్తరాది నుంచి వచ్చిన జులాహాలు, ఎవరి జమాత్ వాళ్లది, ఎవరి మసీదు వాళ్లది. సున్నీ, షియా తేడా సరేసరి. అందరి పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుని ఉర్దూతో పాటు ఇంగ్లీషు, లెక్కలు నేర్చుకోవాలంటే ఒప్పించడం తేలిక కాదు. ఆరేళ్లు పట్టింది. 1880లో బడి మొదలైంది. మొదట కార్యదర్శిగా, తర్వాత అధ్యక్షుడిగా చివరి దాకా ఆయన ఆ సంస్థతోనే ఉన్నారు. బొంబాయి పెద్ద రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న అంజుమన్ భవనం 1893లో తయారైంది. హజ్‌కు ఓడెక్కడానికి బొంబాయి వెళ్లిన మన పాత తరం పెద్దలు ఆ గుమ్మటాలను చూసే ఉంటారు. సినిమా నటుడు దిలీప్ కుమార్ చదివింది కూడా అంజుమన్ బళ్లోనే.

ఇక ఆయన జీవితంలో అన్నిటికన్నా బరువైన ఘట్టం 1887 నాటి మద్రాసు కాంగ్రెస్. మొదటి సభకు వచ్చిన 72 మందిలో ముస్లింలు ఇద్దరే. రెండో ఏడు కలకత్తాలో సభ జరిగితే అక్కడి రెండు పెద్ద ముస్లిం సంఘాలు, సయ్యద్ అమీర్ అలీది, నవాబ్ అబ్దుల్ లతీఫ్‌ది, రామని చెప్పేశాయి. కాంగ్రెస్ అందరిదీ కాదనే మాట బలపడుతోంది. అలాంటి సమయంలో మూడో సభకు అధ్యక్షుడిగా తయ్యబ్జీ పేరు వచ్చింది. అప్పట్లో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక అంటే బ్యాలెట్లు, డబ్బాలు ఏమీ ఉండేవి కావు. ఊళ్లలోని పెద్దలు ముందుగా ఉత్తరాల మీద మాట్లాడుకుని ఒక పేరు ఖాయం చేసుకునేవారు. సభ మొదలైన రోజు ఒకరు ఆ పేరు ప్రతిపాదిస్తే మరొకరు బలపరిచేవారు, ప్రతినిధులంతా చప్పట్లతో ఒప్పుకునేవారు. కాబట్టి అసలు ఎన్నిక జరిగేది సభకు ముందే, ఒప్పుకోవాలా వద్దా అని ఆ మనిషి తనలో తాను తేల్చుకునే దగ్గర. తయ్యబ్జీ ఒప్పుకున్నారు. కాంగ్రెస్‌కు అధ్యక్షుడైన మొదటి ముస్లిం ఆయన.

డిసెంబర్ 27న మద్రాసులో థౌజండ్ లైట్స్ దగ్గర మెక్కేస్ గార్డెన్స్‌లో వేసిన పందిట్లో సభ మొదలైంది. 607 మంది ప్రతినిధులు వచ్చారు. ఆహ్వాన సంఘానికి రాజా సర్ టి. మాధవరావు పెద్ద. తెలుగు జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి కాబట్టి ఇది మన వాకిట్లో జరిగిన సభే. చిత్తూరు దగ్గర కట్టమంచిలో పుట్టిన పనప్పాకం ఆనందాచార్యులు మద్రాసు కాంగ్రెస్ పెద్దల్లో ఒకరు. నాలుగేళ్ల తర్వాత ఆయనే కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు.

అధ్యక్షుడిగా తయ్యబ్జీ చెప్పింది సూటిగా ఉంది. ఒక్కో కౌమ్‌కు సొంత సమస్యలు ఉంటాయి, వాటిని ఎవరిది వాళ్లు చూసుకోవాలి. కానీ దేశమంతటికీ సంబంధించిన విషయాల్లో, పన్నులు, ఉద్యోగాలు, శాసన మండళ్లు, న్యాయం వంటివాటిలో, ముస్లింలు తక్కినవాళ్లతో భుజం కలపకుండా విడిగా నిలబడటానికి తనకు ఏ కారణమూ కనిపించడం లేదని ఆయన వాదన.

అవే రోజుల్లో, సరిగ్గా డిసెంబర్ 28న, లక్నోలో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ సభ పెట్టి కాంగ్రెస్‌లో చేరవద్దని ముస్లింలకు చెప్పారు. సర్ సయ్యద్ భయం ఉత్తుత్తి భయం కాదు. ఎన్నికలంటే తలల లెక్క, ఆ లెక్కలో ముస్లింలు ఎప్పుడూ తక్కువే. పోటీ పరీక్షలంటే ఇంగ్లీషు చదువు, అందులోనూ వెనకబడ్డారు. ముందు చదువుకుందాం, రాజకీయాలు తర్వాత అన్నది ఆయన మాట. 1857 తర్వాత దిల్లీలో, ఉత్తరాదిలో ముస్లింల మీద విరుచుకుపడ్డ పగను కళ్లారా చూసిన మనిషి ఆయన. సముద్రపు ఒడ్డున వ్యాపారం చేసుకుంటూ పెరిగిన బొంబాయి ముస్లింలకు ఆ గాయం అంత లోతుగా తెలియదు. ఇద్దరి మధ్య తేడా రావడానికి ఇదీ ఒక కారణమే.

1888 మొదట్లో ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. తయ్యబ్జీ మద్రాసులో అధ్యక్షత వహించడం హిందువులకు సంతోషం కలిగించిందేమో గానీ తమకు బాధ కలిగించిందని సర్ సయ్యద్ రాశారు. తయ్యబ్జీ కోపగించుకోలేదు, పంతానికీ పోలేదు. ముస్లింలకు నష్టం చేసే ప్రతిపాదన ఏదైనా వస్తే బయట నిలబడి తిట్టడం కంటే లోపల ఉండి ఆపడం మేలు కదా అన్నది ఆయన జవాబు. మాటలతో ఊరుకోలేదు, దాన్ని నియమంగా మార్పించడానికి ప్రయత్నించారు. హిందువులు గానీ ముస్లింలు గానీ దాదాపు అందరూ ఒక్కటై వద్దన్న విషయాన్ని కాంగ్రెస్ చర్చకు తీసుకోకూడదని 1888 చివర్లో అలహాబాద్ సభ తీర్మానించింది. తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లకు భరోసా ఇవ్వాలన్న ఆలోచన మన రాజకీయాల్లో రాతపూర్వకంగా కనిపించే తొలి సందర్భాల్లో ఇది ఒకటి.

అయితే అలహాబాద్ సభకు రెండు నెలల ముందే, అక్టోబర్‌లో, ఆయన హ్యూమ్‌కు ఇంకో ఉత్తరం రాశారు. ఈ సంగతిని చాలామంది రాయరు. ముస్లింలలో ఎక్కువమంది కాంగ్రెస్‌కు ఎదురు తిరిగారు, వాళ్ల వాదన తప్పో ఒప్పో, వాళ్లు లేకుండా ఇది అందరి సభ అనిపించుకోలేదు, కాబట్టి కనీసం ఐదేళ్ల పాటు కాంగ్రెస్‌ను ఆపేస్తే మంచిదని ఆ ఉత్తరం సారాంశం. కాంగ్రెస్ ఆగలేదు. ఆ సలహాను కొందరు పిరికితనం అన్నారు, మరికొందరు అసలు దాచేశారు. నిజానికి ఏడాది కిందట అధ్యక్ష పీఠం మీద కూర్చున్న మనిషి, తన మాట తన కౌమ్‌లో నడవలేదని కాగితం మీద ఒప్పుకోవడానికి గుండె కావాలి. సభ పేరు నిలవడం కంటే జనం చీలిపోకుండా ఉండటం ఆయనకు ఎక్కువ అనిపించింది. అంతకు మించి ఆ ఉత్తరంలో వెతకాల్సింది లేదు.

1895లో ఆయన్ని బొంబాయి హైకోర్టు జడ్జిగా నియమించారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి ముస్లిం. జడ్జి అయ్యాక రాజకీయ వేదికలు వదిలేశారు. బొంబాయి హైకోర్టులో ఒరిజినల్ సైడ్ అని ఒక విభాగం ఉంటుంది. ఊళ్లోని పెద్ద వ్యాపార తగాదాలు, ఓడల సరుకుల గొడవలు, వీలునామాలు, చనిపోయినవాళ్ల ఆస్తి వ్యవహారాలు నేరుగా అక్కడికే వస్తాయి. వీలునామా నిజమైనదేనని కోర్టు ముద్ర వేసే ప్రొబేట్ పని కూడా అక్కడిదే. బొంబాయి ముస్లింల వారసత్వం అప్పట్లో పెద్ద చిక్కుముడి. షరియత్ ప్రకారం ముస్లిం తన ఆస్తిలో మూడో వంతు వరకే వసియత్ రాయగలడు, మిగతాది ఖురాన్ చెప్పిన వాటాల ప్రకారం కూతుళ్లతో సహా వారసులకు పోవాలి. కానీ బొంబాయిలో ఖోజాలు, కచ్చీ మెమన్లు వారసత్వంలో పాత హిందూ ఆచారాన్నే పాటిస్తారని 1847లోనే అక్కడి కోర్టు తీర్పు ఇచ్చింది. కల్మా చదివే ఇంట్లో పుట్టినా ఆడపిల్లకు వాటా లేదన్నమాట. ఆ చిక్కు విడిపోవడానికి 1937 షరియత్ చట్టం, మెమన్లకు దాని పక్కనే వచ్చిన ప్రత్యేక చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. లాయరుగా ఇరవై ఎనిమిదేళ్లు, జడ్జిగా పదకొండేళ్లు ఆయన పనిచేసింది ఇలాంటి కేసులు నడిచే కోర్టులోనే.

తిలక్ బెయిలు సంగతి పైన చెప్పుకున్నాం. ఆ బెయిలుతో తిలక్ కేసు గెలవలేదు. సెప్టెంబర్‌లో జస్టిస్ స్ట్రాచీ ముందు విచారణ జరిగింది. జ్యూరీలో ఆరుగురు తెల్లవాళ్లు, ముగ్గురు దేశీయులు. ఆరుగురు దోషి అన్నారు, ముగ్గురు కాదన్నారు. పద్దెనిమిది నెలల శిక్ష పడింది. కానీ ఆ మధ్య వారాల్లో తిలక్ బయట ఉండి తన వాదన సిద్ధం చేసుకోగలిగారు. బెయిలు అడిగే హక్కు ఎందుకుందో దానికి సరిపోయింది. 1902లో తయ్యబ్జీ తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. బొంబాయి హైకోర్టులో ఒక హిందుస్తానీ ఆ స్థానంలో కూర్చోవడం అదే మొదలు.

ఇంటి సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. బేగం పేరు రాహతున్నఫ్స్. ఇల్లు నిండా పిల్లలు. అబ్బాయిలను చదివించడం తండ్రి నేర్పిన అలవాటే. బద్రుద్దీన్ ఇంకో అడుగు ముందుకు వేసి అమ్మాయిలను బడికి పంపారు. తర్వాత కూతుళ్లను చదువుకోసం ఇంగ్లండ్‌కు కూడా పంపారు. ఆ కాలంలో షరీఫ్ ఖాందాన్ల అమ్మాయిలు గడప దాటడమే గొప్ప. బంధువుల్లోనే గుసగుసలు, బయట మాటలు, అన్నీ వచ్చాయి. పర్దా గురించి ఆయన అభిప్రాయం దాచుకోలేదు. దీన్ అడిగిన హయా వేరు, మన దేశంలో ఆచారంగా పెరిగిపోయిన నాలుగు గోడల బందీఖానా వేరు అని ఆయన అనేవారు. ఈ మాటతో అందరూ ఏకీభవించలేదు, ఇప్పటికీ ఏకీభవించనివాళ్లు ఉన్నారు. కానీ ఆడపిల్లల చదువు విషయంలో ఆ రోజు ఆయన్ని తప్పుబట్టినవాళ్ల మనవరాళ్లు తర్వాత బళ్లకు, కాలేజీలకు వెళ్లారు.

1903 డిసెంబర్‌లో మహమ్మడన్ ఎడ్యుకేషనల్ కాన్ఫరెన్స్ బొంబాయిలో జరిగింది. ఇది సర్ సయ్యద్ 1886లో పెట్టిన సంస్థ. సర్ సయ్యద్ 1898లో ఇంతెకాల్ అయ్యారు. పదిహేనేళ్ల కిందట ఆయనతో ఉత్తరాల్లో తలపడిన తయ్యబ్జీని ఈ సభకు అధ్యక్షుడిగా పిలిచారు, ఆయన వెళ్లారు. కాంగ్రెస్‌కు ఎదురు నిలిచే ధోరణి ఉన్నంతకాలం ఈ కాన్ఫరెన్స్‌కు తాను దూరంగా ఉన్న సంగతి దాచలేదు. హైకోర్టు జడ్జి కుర్చీలో ఉండి కూడా, తాను మొదటి నుంచీ కాంగ్రెస్ మనిషినేనని, మద్రాసులో అధ్యక్షత వహించడం తనకు గర్వకారణమని ఆ సభలోనే చెప్పారు. తర్వాత చదువు గురించి, ముఖ్యంగా ఆడపిల్లల చదువు గురించి, పర్దా గురించి మాట్లాడారు. వినడానికి వచ్చినవాళ్లలో ఎంతోమంది సర్ సయ్యద్ అభిమానులు. సర్ సయ్యద్ అలీగఢ్‌లో, తయ్యబ్జీ బొంబాయిలో చేసింది ఒకే పని, ముస్లిం పిల్లలకు కొత్త చదువు అందించడం. రాజకీయాల్లో పడకపోయినా ఆ పనిలో వాళ్లిద్దరికీ ఎన్నడూ తేడా రాలేదు.

చిన్నప్పటి నుంచి వెంటాడిన కళ్ల జబ్బు ఆఖర్లో మళ్లీ తిరగబెట్టింది. సెలవు పెట్టి ఇంగ్లండ్ వెళ్లారు. 1906 ఆగస్టు 19న లండన్‌లో గుండెపోటుతో ఇంతెకాల్ అయ్యారు. వయసు అరవై రెండు కూడా నిండలేదు. నాలుగు నెలల తర్వాత, ఆ డిసెంబర్ చివర్లో, ఢాకాలో ముస్లిం లీగ్ పుట్టింది.

ఖాందాన్ మాత్రం ఆగలేదు. అన్న కొడుకు, అల్లుడు కూడా అయిన అబ్బాస్ తయ్యబ్జీ బరోడాలో జడ్జిగా పనిచేసి, ముసలితనంలో గాంధీజీ వెంట నడిచారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో గాంధీజీని అరెస్టు చేశాక ధరాసనకు బయలుదేరిన దళానికి ముందు నిలబడింది, తెల్ల గడ్డంతో, ఆయనే. హైదరాబాద్ ప్రధాని సర్ అక్బర్ హైదరీ బేగం, 1908 మూసీ వరదల్లో నిరాశ్రయులకు సేవ చేసిన ఆమినా హైదరీ, ఈ ఖాందాన్ ఆడపడుచే.

కొడుకు ఫైజ్ బద్రుద్దీన్ తయ్యబ్జీ తండ్రి దారిలోనే బారిస్టరై, ముస్లిం లా మీద 1913లో పెద్ద పుస్తకం రాశారు. నికాహ్, మహర్, హిబా, వక్ఫ్, వసియత్, వారసుల వాటాలు, అన్నీ సెక్షన్ల వారీగా అందులో ఉన్నాయి. ఆ తర్వాత కొంతకాలం మద్రాసు హైకోర్టులో జడ్జిగా కూర్చున్నారు. గుంటూరు, నెల్లూరు, కర్నూలు, కడప జిల్లాల ముస్లింల ఆస్తి కేసులు అప్పీలు మీద పోయేది ఆ హైకోర్టుకే. తండ్రి కాంగ్రెస్‌కు అధ్యక్షుడైన ఊళ్లోనే కొడుకు న్యాయం చెప్పారు. కూతురి వాటా గురించి కోర్టుకెక్కినప్పుడు లాయర్లు ఇప్పటికీ ఆ పుస్తకం తీసి చూపిస్తుంటారు.